కష్టాల పోటీలో ఇంద్రసేన్ సాబ్

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఇంద్రసేన్ సాబ్‌తో తన కష్టం చెప్పుకొని గెలిచిన మనిషి లేడు. మీకు జ్వరమంటే ఆయనకు అంతకుముందే సన్నిపాతం వచ్చి పోయి ఉండేది. మీ ఇంటి కప్పు కురుస్తున్నదంటే అసలు కప్పే లేని రోజులు ఆయనకు గుర్తొచ్చేవి. ఎదుటివాడి గోడు సగంలో ఉండగానే కుర్చీ ముందుకు లాక్కొని, షేర్వానీ పై గుండీ విప్పుకొని, "గిదొక కష్టమా? మా కాలంల..." అని అందుకునేవాడు. ఆయన ముగించేసరికి మన కష్టం మనకే చిన్నతనంగా తోచేది. దాన్ని తిరిగి జేబులో వేసుకొని ఇంటిదారి పట్టవలసిందే.

గల్లీ మొత్తంలో ఎక్కువసార్లు ఓడిపోయినవాడు బాలకిషన్. తప్పించుకునే దారి లేదు, ఆయన ఇంటి మేడమీది గదిలోనే కిరాయికి ఉండేవాడు. పాలమూరు నుంచి వచ్చి, బడి నుంచి బి.ఏ. దాకా అంతా ఉర్దూలోనే చదివి పాసయ్యాడు. అది పోలీసు యాక్షన్ జరిగిన తర్వాతి కాలం. పట్టా చేతికి వచ్చేసరికి సర్కారు దఫ్తర్లన్నీ ఇంగ్లీషులోకి మారుతున్నాయి. ఎక్కడికి పోయినా "ఇంగ్లీషు వచ్చా? టైపు వచ్చా?" అనే అడిగేవాళ్లు. బి.ఏ. గురించి అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

గదిలో సామాను దింపిన రోజే మొదటి పోటీ జరిగింది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగాడు ఇంద్రసేన్ సాబ్.

"నౌకరీ కోసం తిరుగుతున్న తాతా. మస్తు కష్టంగ ఉంది."

ఆ మాట అనకుండా ఉండవలసింది. కుర్చీ ముందుకు జరిగింది. గుండీ ఊడింది.

"నౌకరీ కోసం తిరుగుడు గుడ ఒక కష్టమేనా? తిరిగెటందుకు కాళ్లకు చెప్పులున్నయి గద నీకు! మా కాలంల నేను ఉమేద్వార్‌గ చేసిన. ఉమేద్వార్ అంటే ఎరుకేనా? జీతం లేకుంట దఫ్తర్ల చాకిరి చేసుడు. ఎవడన్న సచ్చిపోతే వాని కుర్సీ మనకొస్తదని ఆశ. ఏండ్లకేండ్లు చేసిన. ఏం లాభం? మా దఫ్తర్ల ఒక్కడు సావలే. అందరు గట్టి మనుషులే దొరికిన్రు నాకు."

వంటింట్లో ఇత్తడి గంటె ఠంగుమని కింద పడింది.

"ముసల్దానికి చేతులు వణుకుతున్నయ్," అన్నాడు ఇంద్రసేన్ సాబ్, తన భార్య లక్ష్మీనర్సమ్మను ఉద్దేశించి. ఆ పెద్దామెకు పాపం ఏదో నరాల జబ్బు కాబోలు అనుకున్నాడు బాలకిషన్.

ఆ జబ్బు రోజురోజుకూ ముదురుతూ వచ్చింది. ఒకనాడు బాలకిషన్ రేషన్ బియ్యం మూట తెచ్చి, "సగం రాళ్లే తాతా, ఏరలేక చేతులు పోతున్నయ్" అన్నాడు. "రాళ్లు ఏరుతున్నవా? అదృష్టవంతునివి. మా కాలంల రాళ్లల్లకెళ్లి బియ్యం ఏరుకునేది" అన్నాడు ఇంద్రసేన్ సాబ్. గంటె పడింది. ఇంకొకనాడు, "ఇన్నేండ్లు ఉర్దూల చదివితే గిప్పుడు ఇంగ్లీషంటున్నరు" అని వాపోతే, "నీకు ఒక్క భాషనే మారింది. నేను ఫార్సీ నేర్చుకునే లోపట ఉర్దూ చేసిన్రు. ఉర్దూ నేర్చుకునే లోపట పెండ్లి చేసిన్రు" అన్నాడు. దఫ్తర్లలో ఫార్సీ పోయి ఉర్దూ వచ్చింది ఆయన తండ్రి కాలంలో. ఆ సంగతి బాలకిషన్‌కు తట్టలేదు గానీ వంటింట్లో గంటెకు మాత్రం తట్టింది.

మనిషిని చూస్తే ఇన్ని బాధలు పడ్డట్టు కనిపించేవాడు కాదు. గుండ్రని ముఖం, ఎర్రని చెంపలు. కొత్తిమీర కొనడానికి కూడా షేర్వానీ వేసుకొనే పోయేవాడు. దాని నడిమి గుండీలు పొట్టను దాటి అవతలి ఒడ్డుకు చేరలేక ఎప్పుడో ప్రయత్నం మానుకున్నాయి. బాలకిషన్ ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"గంత ఉపాసం ఉన్నోనికి గింత పొట్ట ఎట్లొచ్చింది తాతా?"

"పొట్ట కాదు బిడ్డా ఇది. గప్పటి ఆకలంత గీడ జమైంది," అన్నాడాయన పొట్ట నిమురుకుంటూ, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన్ని ఇరకాటంలో పెట్టింది ఒక్క యాదవ్వే. గల్లీలో కూరగాయల గంప తెచ్చే మనిషి. వంకాయల ధర ఇంత పిరమైందేమని ఆమెను అడిగి, ఆమె తన బాధ చెప్పుకొంటే ఎప్పటిలాగే "మా కాలంల..." అని మొదలుపెట్టాడు. యాదవ్వ గంప దించి నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఆగున్రి సారూ. ఆర్గురిని కన్న నేను. గా నొప్పులు మీరెప్పుడన్న పడ్డరా?"

ఇంద్రసేన్ సాబ్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు.

"నేను పడలే. గాని మా అమ్మ నన్ను కన్నప్పుడు..."

ఆ రోజు వంటింట్లో గంటెతో పాటు ఇంకేదో గిన్నె కూడా పడింది.

ఇక బాలకిషన్ టైపు సంగతి. ఆబిడ్స్‌లో జనార్దన్ అనే పెద్దమనిషి టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. రోడ్డు మీదికి కనబడేలా ముందు గదిలో నిగనిగలాడే కొత్త మిషన్లు, పూర్తి ఫీజు కట్టేవాళ్లకు. వెనక గదిలో ఒకే ఒక్క పాత మిషన్, సగం ఫీజువాళ్లకు. బాలకిషన్ వెనక గది మనిషి. ఆ మిషన్ మీటలు ఎంత మొండివంటే, వేలితో నొక్కితే పలికేవి కావు. భుజం నుంచి బలం తీసుకొని గుద్దాలి. గుద్దగా గుద్దగా అతనికి వేగం వచ్చింది, వేళ్లకు కాయలు కూడా వచ్చాయి. మేడమీద గదిలో చెక్కబల్ల మీద కూడా అదే పద్ధతిలో సాధన చేసేవాడు. కింద ఇంద్రసేన్ సాబ్ పైకి చూసి, "ఏందిరా, పిండి దంచుతున్నవా?" అని కేకేసేవాడు.

లక్డీకాపూల్ దగ్గర ఒక దఫ్తరులో టైపిస్టు గుమాస్తా ఖాళీలు పడ్డాయి. బాలకిషన్ పరీక్షకు పోయాడు. ఎదురుగా కొత్త మిషన్, వెన్నలాంటి మీటలు. అతని వేళ్లకు ఆ సంగతి తెలియదు. మొదటి దెబ్బకే మిషన్ బల్ల మీద ఓ జానెడు వెనక్కి జరిగింది. గుండ్రంగా ఉన్న ప్రతి అక్షరం దగ్గరా కాగితానికి గుండ్రంగా రంధ్రం పడింది. పరీక్ష అధికారి ఆ కాగితాన్ని ఎత్తి పట్టుకొని, అందులోంచి ఒక కంటితో బాలకిషన్‌ను చూశాడు.

"మీ రాత నాకు కనబడడం లేదు గానీ మీరు బాగానే కనబడుతున్నారు," అన్నాడు.

మరో ఖాళీకి మళ్లీ పోయాడు. ఈసారి నెమ్మదిగా కొట్టాలని ఒట్టు పెట్టుకొని కూర్చున్నాడు. సగం అక్షరాలు పడలేదు. కంగారుపడేసరికి వేళ్లకు పాత అలవాటు గుర్తొచ్చి రిబ్బను చిరిగింది. మూడోసారి పిలుపు లక్డీకాపూల్ దఫ్తరు నుంచే వచ్చింది, వచ్చే సోమవారానికి. ఈలోగా పాలమూరులో మేనమామ భూమయ్య మనిషితో కబురు పంపాడు: "సాలు, ఇగ వచ్చి దుకాణంల కూసో. తక్కెడ పట్టెటందుకు ఇంగ్లీషుతోని పని లేదు." చదివిన చదువంతా తక్కెడలో వేసి తూచుకోవడమే మిగిలిందని బాలకిషన్ నిశ్చయించుకున్నాడు. ఆదివారం పొద్దున కాచిగూడలో రైలెక్కితే పాలమూరు, ఎక్కకపోతే సోమవారం ఇంకో కాగితానికి రంధ్రాలు.

గురువారం మెట్లు దిగుతూ ఆ మాటే చెప్పాడు.

"కాయిదానికి రంధ్రం పడ్డదని పోతున్నవా?" అన్నాడు ఇంద్రసేన్ సాబ్ కుర్చీ జరుపుకుంటూ. "మా కాలంల కలంతోని ఒత్తి రాస్తే కాయిదం ఏంది, కింద మేజకు రంధ్రం పడేది. మేజ కింద కాలుంటే..."

"తాతా!" బాలకిషన్ మెట్టు మీదే ఆగిపోయాడు. "మీ కష్టం మీకుండె. సరే. మా కష్టాన్ని గుడ మాకుండనియ్యరా? మీ కాలంల ఒక్క పరీక్ష రాసి ఓడిపోయిన్రా మీరు? గీడ ఒక్క కుర్సీ కోసం గల్లీ నిండ మనుషులు నిలవడుతున్నరు. నాకు చాతనైతలేదు. ఆదివారం పోతున్న."

ఇంద్రసేన్ సాబ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. విప్పిన గుండీ మళ్లీ పెట్టుకున్నాడు. ఆ రోజు గంటె పడలేదు.

మరునాడు శుక్రవారం, చెప్పి పోదామని బాలకిషన్ ఆబిడ్స్‌కు పోతే జనార్దన్ లేడు. స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో ఉన్నాడన్నారు. నిజాం కాలంలో దఫ్తర్లకు సెలవు శుక్రవారం. ఇప్పుడది ఆదివారానికి మారింది గానీ పింఛనుదారులకు ఆ కబురు అందలేదు. ఇంకా శుక్రవారమే సెలవు జరుపుకుంటూ ఆ హోటల్లో కూడేవాళ్లు. బాలకిషన్ లోపలికి పోబోయి, జనార్దన్ ఎదుట షేర్వానీ వీపు కనబడగానే వెనకాడాడు. మళ్లీ ఒక కష్టం వినే ఓపిక లేదు. చెక్క అడ్డుగోడకు ఇవతలి బల్ల దగ్గర కూర్చొని చాయ్ చెప్పాడు, ఆయన లేచి వెళ్లేదాకా ఆగుదామని.

"ఆదివారం నీ టైపు దుకాణం ఎట్లనో మూసే ఉంటది," అంటున్నాడు అవతల ఇంద్రసేన్ సాబ్. "ముందటి కొత్త మిషన్ మీద గా పోరగాన్ని ఒక్కనాడు కొట్టనియ్యి. వేళ్లు జర మెత్తగైతయి. నీ మిషనేం అరిగిపోతది?"

"సగం ఫీజుకు కొత్త మిషనా?" అన్నాడు జనార్దన్. "కష్టపడనియ్యి. మనం పడలేదా? గీ కాలపు పోరగాండ్లకు అన్ని అల్కగ కావాలె. బుష్‌కోట్లు కావాలె, సినిమాలు కావాలె. మన కాలంల..."

ఇరానీ చాయ్ సాసర్లు గలగలలాడాయి. ఇంద్రసేన్ సాబ్ బల్ల మీద గుద్దాడు. ఇక ఉమేద్వార్ కథ మొదలవుతుందని బాలకిషన్ కళ్లు మూసుకున్నాడు.

"మన కాలంల ఏంది జనార్దన్? ఏం కష్టపడ్డం మనం? జర చెప్పు, నేను గుడ ఇంట. నేను మిడిల్ పరీక్ష తప్పిన. మా మేనమామ నా చెయ్యి పట్టుకొని దఫ్తరుకు తీస్కపోయి, 'మా పోరడు' అన్నడు. గంతనే. తెల్లారి కుర్సీ ఇచ్చిన్రు. కలం యాడ ముంచాలెనో తెల్వదు నాకు. పక్కనోడు రాస్తే నేను దస్కత్ చేసిన. మరి గీ పోరడు? బి.ఏ. చదివిండు. గది పనికి రాదన్నరు, ఇంగ్లీషు నేర్చుకున్నడు. గదీ సాలదన్నరు, టైపు నేర్చుకున్నడు. గదైనా మంచి మిషన్ మీదనా? నీ ఇనుప పెట్టె మీద! మనలను గిప్పుడు పరీక్షకు పంపితే చప్రాసీ గుడ లోపటికి రానియ్యడు."

బాలకిషన్ కళ్లు తెరిచాడు. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఉమేద్వార్‌గ చేసిన అంటివి గద?" అన్నాడు జనార్దన్ అయోమయంగా.

"గది మా దఫ్తర్ల ఇంకొకడు చేసిండు. పాపం, మంచోడు. వాని కష్టాన్ని నేను వాడుకుంటున్న."

"మరి నాంపల్లంత తిరిగి మా కాలమే కష్టమని టాంటాం ఎందుకేస్తున్నవ్?"

"గది పోరగాండ్ల ముంగట చెప్పేది. మనం మనం కూసున్నప్పుడన్న నిజం మాట్లాడుకోవద్దా?" ఇంద్రసేన్ సాబ్ గొంతు తగ్గించాడు. ఆయన తగ్గించిన గొంతు కాబట్టి రోడ్డు దాకా మాత్రమే వినబడింది. "మొదట్ల మేడమీద ఒక పోరడు ఉండె. గిట్లనే నౌకరీ దొరకలే. అయ్యో బిడ్డా, నీ కాలం పాడుగుందిరా అన్న. ఔ తాతా అని తలుపేసుకొని పండుకున్నడు. మల్ల లేస్తే ఒట్టు. ఇద్దరం కలిసి మంచిగ ఏడ్చినం. సామాను కట్టుకొని పోయిండు. గప్పుడు ఎరుకైంది నాకు. నా కష్టమే పెద్దదంటే పోరగాండ్లకు కోపమొస్తది. కోపమొచ్చినోడు లేస్తడు, తానం చేస్తడు, అంగీ ఏసుకొని బయటికి పోతడు. ఇంకొకటి ఉంది. గంత కష్టం పడ్డోడు ఎదురుంగ కూసోని మిర్చిబజ్జీలు తింటుంటే, ఏం గాదు, మనం గుడ బతుకుతం అనిపిస్తది గద."

"నీ సంగతేమో గాని నేను మాత్రం కష్టపడ్డ," అన్నాడు జనార్దన్ పట్టు వదలకుండా. "ఇన్‌స్టిట్యూట్ నా చెమట."

"ఇల్లు మీ అన్నది. మిషన్లు మీ బావమరిది పంపిండు. బోర్డు మీద పేరొక్కటి నీది. గది గుడ పెయింటర్ రాసిండు."

గల్లా దగ్గర కూర్చున్న ఇరానీ సేఠ్ పకపకా నవ్వాడు. జనార్దన్ కాసేపు చాయ్‌లో బిస్కెట్ ముంచి, అది విరిగి పడిపోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"మిషన్ ఖరాబైతే?"

"ఖరాబైతే నన్ను తీస్కపోయి నీ వెనక గదిల కూసోబెట్టు. గా పాత మిషన్ మీద నాకు టైపు నేర్పియ్యి. గంతకంటే పెద్ద సజా ఏముంటది?"

తాళంచెవి బల్ల మీద పడిన చప్పుడు వినబడింది. బాలకిషన్ చాయ్ తాగకుండానే లేచి, చప్పుడు చేయకుండా బయటపడ్డాడు.

శనివారం పొద్దున ఇంద్రసేన్ సాబ్ పొట్టను మోసుకుంటూ మేడెక్కి వచ్చాడు. ట్రంకుపెట్టె తెరిచి ఉంది.

"సామాను కడుతున్నవా? కట్టు, కట్టు. నాకేంది," అన్నాడు రొప్పుతూ. "గా జనార్దన్ ఒక పీడ నా నెత్తిన పెట్టి పోయిండు. కొట్టెటోల్లు లేక కొత్త మిషన్ బిగుసుకపోతున్నదంట. ఆదివారం ఎవలన్న పోయి జర మెల్లగ కొడితే మిషన్‌కు మంచిదంటున్నడు. తాళంచెవి గిగో. రైలుకేంది, మంగళవారం గుడ ఉంటది."

బాలకిషన్ తాళంచెవి అందుకున్నాడు. ట్రంకుపెట్టె మూత వేశాడు.

"ఆబిడ్స్‌కే పోత తాతా."

"పోతవా? మంచిది. మా కాలంల అయితే తాళంచెవి ఇచ్చెటోడు యాడుండె? తలుపులకు తాళమే..."

"ఔ తాతా," అన్నాడు బాలకిషన్ మెత్తగా. "మీ కాలమే కష్టం. మీరు పడ్డదాంట్ల మాది పైసంత గుడ కాదు."

ఇంద్రసేన్ సాబ్ ముఖంలో రంగు పోయింది. ట్రంకుపెట్టె మీద కూలబడి, బాలకిషన్ నుదుటి మీద చెయ్యి వేసి చూశాడు.

"ఏందిరా? జెరమొచ్చిందా? కోపం రాలేదా నీకు? జరంత గుడ రాలేదా?" అని, మెట్ల వైపు తిరిగి కేకపెట్టాడు. "ఏమే! మిరియాల కషాయం పెట్టు! పోరడు నాతోని ఔ అంటున్నడు!"

ఆయన కంగారు చూసేసరికి తాను చేసిన తప్పేమిటో బాలకిషన్‌కు తెలిసొచ్చింది. ఈ ముసలాయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క మందు. అది పనిచేయడం లేదని తెలిస్తే మనిషి తట్టుకోలేడు. వెంటనే గొంతు పెంచాడు.

"కోపం రాక ఏమైతది? ఊకె తమాషకన్న! ఏం కష్టపడ్డరు తాతా మీరు? మేజకు రంధ్రం పడుతదా ఎక్కడన్న? కలమా అది, గునపమా?"

"గట్లడుగు!" ఇంద్రసేన్ సాబ్ చెంపలు మళ్లీ ఎర్రబడ్డాయి. గుండీ ఊడింది. "గునపమే అనుకో! మా కాలంల ఇనుప పాళీ అంటే..."

ఆ జగడం మధ్యాహ్నం భోజనాల దాకా సాగింది. కషాయం ఇంద్రసేన్ సాబే తాగాడు.

ఆదివారమంతా ఆబిడ్స్‌లో మూసిన తలుపుల వెనక బాలకిషన్ తన వేళ్లకు మర్యాద నేర్పుకున్నాడు. రైలు తన మానాన తాను పోయింది. సోమవారం లక్డీకాపూల్ దఫ్తరులో మిషన్ ముందు కూర్చొని, పిట్ట గింజలు ఏరుకున్నట్టు కొట్టాడు. అదే అధికారి కాగితం తీసుకొని, అలవాటుగా వెలుతురుకు ఎత్తి పట్టుకొని ఒక కన్ను మూశాడు. ఈసారి ఆయనకు బాలకిషన్ కనబడలేదు. కాగితం దించి చదివి, "మీరేనా? మీ తమ్ముడా?" అని అడిగాడు.

నౌకరీ ఖాయమైన రోజు బాలకిషన్ ఆబిడ్స్‌లో జిలేబీ పొట్లం కట్టించుకొని నేరుగా ఇంటికి వచ్చాడు. ఇంద్రసేన్ సాబ్ కబురు విని, పొట్లం విప్పి, ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. పాకం గడ్డం మీదికి కారింది. కళ్లు కూడా కొంచెం మెరిశాయి గానీ నోరు మాత్రం తన పని తాను చేసింది.

"గింత అల్కగ వచ్చిందా? రేపటిసంది కుర్సీల కూసుంటవా? మా కాలంల కుర్సీ యాడిది బిడ్డా..."

బాలకిషన్ మంచినీళ్ల కోసం వంటింట్లోకి పోయాడు. పొయ్యి పక్కన లక్ష్మీనర్సమ్మ నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి గంటె. చెవి ముందుగది వైపు. ఆ చెయ్యి వణకడం లేదు, రాయిలా ఉంది. గంటెను నేలకు సరిగ్గా గురిచూసి పట్టుకొని, ఆమె సమయం కోసం కాచుకొని ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, గంటె అతని చేతికిచ్చింది.

"ఈ సారి నువ్వెయ్యి బిడ్డా. ఎన్నేండ్ల సంది ఏస్తున్ననో. రెక్క గుంజుతున్నది."

"...గోడకు కాయిదం ఆనిచ్చి, నిలవడే రాసేది," అంటున్నాడు ముందుగదిలో ఇంద్రసేన్ సాబ్. "ఒక్కోసారి గోడ గుడ ఉండకపోయేది!"

బాలకిషన్ గంటె వదిలాడు. ఠంగుమంది.

"చూసినవా, ముసల్దానికి చేతులు వణుకుతున్నయ్," అంది ముందుగది.